మీసం మొలిచినాక

దాదా ఖలందర్ ముందు ఎవరు కూర్చున్నా, కత్తెర పట్టకముందే ఆయన ఒక మాట అడుగుతాడు. "మీ అమ్మా నాయనా ఉండారా అప్పా?" కొందరు నవ్వుతారు. కొందరు నీకెందుకని తిడతారు. ఒక్కొక్కరు చాలాసేపు ఆలోచించి, తెలియదంటారు. తెలియదన్నవాళ్ళ మీసం ఆయన ముట్టుకోడు. ఈ అలవాటు ఆయనకు ఎప్పుడు పట్టుకుందో నాకు తెలుసు. అందులో సగం తప్పు నాది. సగమని తప్పించుకోవడం ఎందుకు, మొత్తం నాదే.

నాకు నంద్యాల స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టుంది. ఎదురుగా ఖలందర్ సెలూను. మంగళవారం మావాళ్ళెవరూ క్షవరం చేయించుకోరు కాబట్టి ఆ రోజు సెలూన్లన్నీ మూసేస్తారు. ఖలందర్ మాత్రం పెట్టె చంకన పెట్టుకుని స్టేషన్ బయటికి పోయేవాడు. అక్కడ పడుండేవాళ్ళు, తాగి ఒళ్ళు తెలియనివాళ్ళు, మతి చెదిరినవాళ్ళు, అందరికీ జుట్టూ గడ్డమూ తీసేవాడు. దానికి కారణముంది. ఆయన తమ్ముడు సలీం తాగుడుకు బానిసై ఇల్లు వదిలిపోయి, ఎక్కడో ప్లాట్‌ఫారం మీద చచ్చిపోయాడు. పోలీసులు చూపించిన ఫోటోలో ఆ పెరిగిన గడ్డం చూసి, వీడు మా వాడు కాదని కన్నతల్లే అనేసింది. నిజం తెలిసేలోగా ఎవరో పూడ్చేశారు. "మొగం కనపడితే ఎవరో ఒకరు గుర్తుపడతారన్నా" అనేవాడు ఖలందర్. అంతకుమించి ఆ సంగతి ఎత్తేవాడు కాదు.

బ్లేడ్లూ సబ్బులూ నా కొట్లోనే కొనేవాడు. ఎవరికోసమో తెలిశాక నాకు సిగ్గేసి, ఊరికే ఇవ్వడం మొదలుపెట్టాను. తర్వాత కొట్టు వెనక ఖాళీగా పడున్న శెనక్కాయల గోదాము కడిగించి, అందులో పదిమంది పడుకునేలా చాపలు వేయించాను. సందు చివర ఉండే చెన్నమ్మ పొద్దున్నే సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడితో పంపేది. రిటైరైన కాంపౌండరు ఎడ్విన్ సార్ పుండ్లు కడిగి కట్లు కట్టేవాడు. మా గుంపుకు పేరు లేదు, బోర్డు లేదు. నాకు గర్వం మాత్రం ఉండేది. ఊళ్ళో ఎవరికీ లేని దయ నాకే ఉందన్నట్టు తిరిగేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మాధవయ్య దొరికాడు. నలభై దాటిన మనిషి. గడ్డం జడలు కట్టి, మూతి చుట్టూ పుండ్లు పడి, సారా వాసనతో స్టేషన్ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్ళు తెలియని స్థితిలోనే ఖలందర్ తలా గడ్డమూ మీసమూ అన్నీ తీసేశాడు. ఎడ్విన్ సార్ ఆస్పత్రిలో చేర్పించాడు. వణుకు తగ్గాక గోదాముకు తెచ్చుకున్నాం. నెల రోజులు చుక్క ముట్టలేదు. అప్పుడు నోరు విప్పాడు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు వాళ్ళది. తండ్రి పోయాడు. తల్లి మహానందమ్మ, తమ్ముడు గురుప్రసాద్ ఉన్నారు. ఇల్లు విడిచి మూడేళ్ళయింది.

"ఒకసారి అమ్మను చూడాలన్నా" అన్నాడు.

ఖలందర్‌కు తీరిక దొరికేది మంగళవారమే కాబట్టి మంగళవారమే బయలుదేరాం. పుండ్లు మానేదాకా ఖలందర్ వారం వారం గీస్తూ ఉండటంతో, మాధవయ్య తల మీదా మొహం మీదా జుట్టు అక్కడక్కడా గరుగ్గా మొలిచి ఉంది. నేనే అన్నాను. "పెళ్ళికొడుకు మాదిరి పంపుదాం. మీసంతో సహా నున్నగా గీసెయ్ అప్పా." నేను మంగళవారం గోరు కూడా తీసుకోను. తల్లో తండ్రో పోతే తప్ప మా ఇళ్ళలో మగవాడు మీసం తీయడని నాకు తెలియదా? బాగా తెలుసు. కానీ రోడ్డు మీది మనిషికి వారాలుంటాయనీ, వాడికీ ఒక తల్లి బతికుంటుందనీ నా బుర్రకు తట్టలేదు. అమ్మను చూడాలని వాడు నోటితో చెప్పాక కూడా తట్టలేదు. మాధవయ్య కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అద్దం చూపిస్తే పైపెదవి మీద వేలు పెట్టుకుని ఊరుకున్నాడు. బస్సులో దారి పొడుగునా తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. దుమ్ముకనుకున్నాను.

ఆళ్ళగడ్డలో వాళ్ళ వీధంతా ఉలి దెబ్బల మోత, తెల్లటి రాతిపొడి. వాకిట్లో మంచం మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. మాధవయ్య ఆమె ముందుకు పోయి తువ్వాలు తీశాడు. ఆమె గుండు వైపు చూసింది, పెదవి వైపు చూసింది.

"ఎవరికి కర్మ చేసొచ్చినావు నాయనా?" అంది మహానందమ్మ. "నేనింకా ఉండానే."

లోపలినుంచి ఉలి చేతబట్టుకుని గురుప్రసాద్ వచ్చాడు. అరవలేదు. మాకు చెప్పినట్టుగా నెమ్మదిగా చెప్పాడు. "మూడేండ్ల కింద తాగొచ్చి ఈడ్నే నిలబడి అమ్మతో అన్యాడప్పా. నువ్వు నాకు చచ్చినట్టే, మీసం తీయించుకొనే వస్తా అని. వీధంతా విన్యారు. అన్నట్టే వచ్చినాడు సూడండి. అదీ మంగళారం పూట."

ఖలందర్ వంగి ఆ తల్లి కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పు నాదమ్మా. కత్తి నాది. పుండ్లుండాయని తీసినా. వానికేం తెలీదు." చెప్పింది నేనని ఆయన ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. నా జీవితంలో ఇంత పిరికిగా ఎన్నడూ నిలబడలేదు.

ఆమె ఖలందర్ చేతులు పక్కకు తీసింది. తర్వాత కొడుకుతోనే అంది. "ఈ మొగంతో నిన్ను లోపలికి రమ్మనలేను నాయనా. మీసం మొలిచినాక రా. నేనుంటా." గురుప్రసాద్‌కు నా కొట్టు ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేశాం.

తిరుగు బస్సులో ఖలందర్ అడిగాడు. "గీసేటప్పుడు వద్దని ఒక్క మాట అనకూడదా అప్పా?"

"సంగటి పెట్టినోళ్ళు, పుండ్లు కడిగినోళ్ళు. మీకు వద్దని ఎట్ల చెప్తానన్నా?" అన్నాడు మాధవయ్య. దయ చూపించేవాడి ముందు మనిషి నోరు ఎలా పడిపోతుందో నాకు ఆ బస్సులో తెలిసింది. తెలిసి ఏం లాభం, అప్పటికే గీసేశాం.

ఆ మరుసటి మంగళవారం నుంచే ఖలందర్ ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు. మాధవయ్య మీసం కోసం మేమందరం ఎదురుచూశాం. చెన్నమ్మ సంగటి తెచ్చినప్పుడల్లా వాడి మొహం చూసి, "ఇంగ రవ్వంతే" అనేది. తాగాలనిపించినప్పుడు వాడు పెదవి మీద చెయ్యి పెట్టుకుని గోదాములో ఈ చివరనుంచి ఆ చివరకు నడిచేవాడు. నాలుగో వారానికే చూడ్డానికి బాగానే వచ్చింది. ఇక పొమ్మన్నాడు ఖలందర్. "ఇంకా పల్చగుందన్నా, అమ్మకు చూపు ఆనదు" అన్నాడు మాధవయ్య. నేనూ వంతపాడాను, ఇంకో రెండు వారాలు ఆగితే గుబురుగా వస్తుందని.

ఆరో మంగళవారం ప్రయాణం పెట్టుకున్నాం. మాధవయ్య తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోదాము ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఖలందర్ చిన్న కత్తెరతో మీసం కొసలు సరిచేస్తున్నాడు. అప్పుడు కొట్లో ఫోన్ మోగింది. గురుప్రసాద్.

"అమ్మ పోయి పన్నెండు దినాలాయ. నిన్నటితో కర్మ అయిపోయింది" అన్నాడు.

మరి మాకెందుకు చెప్పలేదని అరిచాను.

"మళ్ళీ తాగుతాంటాడనుకున్యానన్నా. ఆ తాగుడు మీద కొరివి కాడికి వస్తే ఎట్లని. అమ్మ దినామూ అడుగుతానే ఉండె. పెద్దోనికి మీసం మొలిచిందేమో కనుక్కోరా అని. నేనే ఫోన్ చేయలేదు." ఆ మాటతో ఫోన్ పెట్టేశాడు.

ఆ పదడుగులు నడిచి వాడికి ఈ సంగతి చెప్పడం నాకు ఎంత కష్టమైందో రాయలేను. చెప్పాను. తల్లి అడిగిన మాట కూడా చెప్పాను. మాధవయ్య ఏడవలేదు. కొసలు కత్తిరించిన మీసాన్ని ఒకసారి తడుముకున్నాడు.

"తీసెయ్యన్నా" అన్నాడు ఖలందర్‌తో.

"ఈ పొద్దు మంగళారం మాధవయ్యా. రేపు పద్ధతి ప్రకారం చేద్దాం" అన్నాను నేను. వాడికీ వారాలుంటాయని అప్పటికి నేర్చుకున్నాను.

"రేపటికి నేను ఎట్లుంటానో నాకే తెలీదన్నా. ఇప్పుడైతే తాగకుండా ఉండా. ఇప్పుడే తీయనీ."

ఖలందర్ కత్తికి కొత్త బ్లేడు వేశాడు కానీ చెయ్యి ముందుకు పోలేదు. కళ్ళనీళ్ళు గడ్డంలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"అందరినీ అడుగుతావు గదా, నన్ను కూడా అడుగన్నా" అన్నాడు మాధవయ్య.

ఖలందర్ తల అడ్డంగా ఊపాడు.

"అడుగు. అడగకుండా మీసం ముట్టుకోవు గదా నువ్వు."

ఖలందర్ అడిగాడు. "మీ అమ్మా నాయనా ఉండారా అప్పా?"

"లేరన్నా" అని మాధవయ్య కళ్ళు మూసుకుని మొహం పైకెత్తాడు. నేను పక్కన చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను.