అవ్వ వాతలు పెట్టిన పన్నెండు గొర్రెలు

మొన్న సూర్యాపేటలో నా నడుముకు స్కానింగ్ తీయించుకుంటే, డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పట్టి, తెల్లని డిస్కుల నడుమ నల్లబడిన ఒకదాన్ని చూపించింది. అరిగిన డిస్కును నేను అంతకుముందే కళ్ళారా చూశాను, కాకపోతే అది గొర్రెది.

తొంభైల మొదట్లో, డిగ్రీ అయ్యాక, కోదాడ దగ్గర ఒక పశువైద్యుడి షెడ్డులో రాతపనికి కుదిరాను. గొర్రె వెన్ను కొంతవరకు మనిషి వెన్నును పోలి ఉంటుందని, డిస్కు ఎలా చెడుతుందో, ఎలా బాగుచేయవచ్చో తెలుసుకోవడానికి ఆయన పన్నెండు గొర్రెలను పెంచేవారు. ఆరింటికి డిస్కు అంచున చిన్న గాటు పెట్టారు. మిగిలిన ఆరింటికి పైచర్మం మాత్రం కోసి కుట్టేశారు. ఏది ఏదో ఆయనొక్కరికే తెలుసు. అవి ఎలా లేస్తున్నాయో, ఎలా నడుస్తున్నాయో రోజూ చూసి రాయడం నా పని.

మొదట్లో కొన్నే కుంటేవి. చలికాలం వచ్చేసరికి పన్నెండూ ఒకేలా లేవసాగాయి. వెనకకాళ్ళు ఎత్తి, ముందు మోకాళ్ళ మీదే ఆగి, నేల కింద ఏదో వింటున్నట్టు తలవంచి, చాలాసేపటికి నిలబడేవి. ఒక్కటీ అరిచేది కాదు.

ఒకనాడు ఉన్ని పాయ తీసి చూస్తే, అన్నిటి నడుముల మీదా కాల్చిన వాతలు. వాటిని మేపే అనంతగిరి అవ్వ దాచలేదు.

“నడుం నొప్పికి వాత పెట్టకుంటె ఎట్ల బిడ్డా? పక్కపొంటి పండుకున్నదానికి గుడ నొప్పి సోకుతదని అన్నిటికి పెట్టిన. సారుకు జెప్పకు, గీ పని పోతె నన్నెవలు పెట్టుకుంటరు?” అని, నా నడుము మీద అరచెయ్యి ఆనించి, “నిన్ను గుడ కోసిండ్రా ఏంది, గిట్ల వంగి నడుస్తున్నవ్?” అని బోసినోటితో నవ్వింది.

వాతలు మానిపోయాయి, నడక మారలేదు. నేను వాతల సంగతి రాయలేదు.

గడువు తీరి గొర్రెలను కోసిన రోజు, ఆరింటి డిస్కులు గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి ఉన్నాయి. తక్కిన ఆరింటివి లేత ముంజల్లా మెరుస్తున్నాయి.

“ఇవి శుభ్రంగా ఉన్నాయి కదమ్మాయ్, పన్నెండూ కుంటుతున్నాయని ఎలా రాశావు? చూసే రాశావా, ఇంట్లో కూర్చుని రాశావా?” అన్నారు డాక్టరుగారు.

గడపలో అవ్వ నన్నే చూస్తోంది. వాతల మాట ఎత్తకుండా నా రాతపుస్తకాన్ని ఆయన ముందుకు జరిపాను. ఏడాది రాతనంతా ఆయన పక్కన పడేసి, మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆనాటి నా డైరీలో ఉన్నది ఒకటే ముక్క: చూసే రాశాను.

ఏ లోపమూ లేని ఆ ఆరూ అలా ఎందుకు లేచేవో నాకు నేటికీ తెలియదు. మిర్యాలగూడ బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ ఆనాటి నా బిడియం ఎప్పుడో పోయింది, ఎవరి ముందైనా మాట్లాడగలను. ఇప్పుడు నిజం చెబితే పోయే పని అవ్వకు లేదు, నమ్మవలసిన డాక్టరుగారూ లేరు.