ఈశ్వరయ్య ఎర్ర తువ్వాలు

సూరత్‌లో పాత రైలు పట్టాలు పీకేసి నడకబాట వేసినా ఈశ్వరయ్య నడక మారలేదు. పట్టాల కింది స్లీపరు దిమ్మె తర్వాత దిమ్మె మీద కాలు పెట్టినట్టు పొట్టి అడుగులే వేస్తాడు. అదే లైనులో ముప్పై ఏళ్లు కీమ్యాన్‌గా చేశాడు. పట్టాను సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు కనిపెట్టేవాడు. మూడు మైళ్ల అవతల ఇంజను డ్రైవరు తుమ్మినా పట్టాలో వినేవాడని సూరత్ తెలుగువాళ్లు చెప్పుకుంటారు. కరోనా రెండో వేసవిలో ఆ చెవి మనుషుల మీదికి మళ్లింది. తెల్లవారగానే బాట పక్కన నిలబడి దగ్గులు వినేవాడు. ఎవరి దగ్గుకైనా ఆయన తల అడ్డంగా ఊపితే, ఆ మనిషి మూడోనాటికి బాట మీద కనిపించేవాడు కాదు.

ఒక సోమవారం, లింబాయత్ పేటలో మరమగ్గాల పనికి సైకిలు మీద వెళ్తున్న రాజనర్సు దగ్గాడు. ఈశ్వరయ్య భుజం మీది ఎర్ర తువ్వాలు రెండు చేతులా చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఏంది పెద్దాయనా, రైలు గిట్ల వస్తుందా?" అని రాజనర్సు మాస్కు కిందికి లాగి నవ్వాడు.

"లోపల పగులుంది నాయనా. పనికి కాదు, ఆసుపత్రికి పో."

"పొద్దుపొద్దుగాల గిదేం మాట!" అంటూనే అతను సైకిలు ఆసుపత్రి వైపు తిప్పాడు. తిప్పుతూ మళ్లీ దగ్గాడు, ఈసారి ఈశ్వరయ్య ముఖం మీదే.

నాలుగో రోజు ఈశ్వరయ్య నడక నుంచి వచ్చి గుమ్మం బయటే ఆగాడు. వేలి కణుపుతో రొమ్ము మీద కొట్టుకుని, తల వంచి విన్నాడు. మళ్లీ కొట్టుకున్నాడు.

"కాఫీ చల్లారిపోతోంది, లోపలికి రారేం?" అని భార్య దుర్గాంబ కేకేసింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. గుమ్మానికి అడ్డంగా ఎర్ర తువ్వాలు కట్టి, బయటివైపు మెట్టు మీద కూర్చున్నాడు.