అమ్మ ముఖం వేసిన డ్రాయింగ్ మాస్టారు

మా డ్రాయింగ్ మాస్టారు మొన్న మంగళవారం పోర్ట్‌బ్లెయిర్ డెలానీపూర్‌లో, కూతురి ఇంట్లో పోయారు. కబురు మరో దీవిలో ఉన్న మా ఊరు రంగత్‌కి చేరేసరికి దహనం కూడా అయిపోయింది. ఆఖరిచూపు దక్కలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రంగత్‌కి ఇంకా బస్సులు రాని రోజులవి. మాస్టారి దగ్గర ఓ పాత పుస్తకం ఉండేది. అందులో రెండు వందల ఏళ్ళ కిందటి ఫ్రాన్సు ఇంటి దృశ్యం, రాగిరేకు మీద చెక్కి తీసిన నలుపుతెలుపు అచ్చు. అద్దం ముందు ఓ తల్లి కూతురి తలగుడ్డ సరిచేస్తూ ఉంటుంది. దాన్ని చూసి పెద్ద కాగితం మీద రంగుసుద్దలతో వేయడం మొదలుపెట్టారు. పేస్టెల్ అనేవారు. పొడిగా నిలిచే రంగు, అరచెయ్యి రాస్తే మొత్తం పోతుంది. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు గానీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

"అచ్చులో రంగుల్లేవు. మీరు చూసినవి చెప్పండి," అనేవారు.

నేను చెబుతూ పోయాను. చామనఛాయ, ఎడమ చెంప మీద సొట్ట, నుదుటి దగ్గర రేగే జుట్టు. కొన్నాళ్ళకి చూస్తే ఆ ఫ్రాన్సు తల్లి మా అమ్మ అయిపోయింది. అమ్మ జ్వరంతో పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు.

బజార్లో ఎవరో నాన్నతో, "నీ ఇంటిదాని బొమ్మ మాస్టారు స్కూల్లో పెట్టుకున్నాడు," అన్నారట. నాన్న చేపల వేట నుంచి వచ్చినవాడు వచ్చినట్టే, తడిబట్టలతో తరగతిలోకి దూసుకొచ్చాడు. పిల్లలం గోడకి అతుక్కుపోయాం.

"ఏటిది మాస్టారూ? నా ఆడదాని మొకం నువ్వెప్పుడు సూసినావు?"

మాస్టారు బొమ్మకి అడ్డం నిలబడలేదు. పక్కకి జరిగారు.

"ఒక్కసారీ చూడలేదు భయ్యా. నీ కూతురు చెప్పింది, నేను వేశాను. వద్దంటే తుడిచెయ్యి."

నాన్న చెయ్యెత్తాడు. ఆ అరచెయ్యి కాగితానికి బెత్తెడు దూరంలో ఆగింది. అమ్మ ఇంకోసారి పోతుందనుకున్నాను.

నాన్న బొమ్మ మీదికి వంగి, "ముక్కు ఇలగ కాదు," అన్నాడు. "సివర కాస్త లావు. ఇక్కడ..." చూపించబోతే బొటనవేలు కాగితానికి తగిలింది. బెదిరిపోయి చెయ్యి లాక్కున్నాడు.

"పర్వాలేదు, కూచో. తొందరేం లేదు. గుర్తు చేసుకుని చెప్పు," అంటూ మాస్టారు బెంచీ లాగారు. మేం గీత తప్పినప్పుడూ ఆయన అనేది అదే, "తొందరేం లేదు."

పొద్దు వాలేదాకా నాన్న చెప్పాడు, మాస్టారు వేశారు. బొమ్మ మాకే ఇచ్చేశారు. ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి రంగు రాలిపోయింది. మాస్టారు బదిలీ మీద పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళాక ఎప్పుడు కలిసినా, "నాన్న ఎలా ఉన్నాడమ్మా?" అని ముందుగా అడిగేవారు. బొమ్మ ఊసు ఎత్తేవారు కాదు.

తరగతి నుంచి ఇంటికొచ్చిన ఆ సాయంత్రం నాన్న బొటనవేలికి అమ్మ ముఖం రంగు అంటుకుని ఉంది. కడుక్కోలేదు. అన్నం నేనే కలిపి ముద్దలు పెడితే, ఆ చెయ్యి మోకాలి మీద వెల్లకిలా పెట్టుకుని తిన్నాడు.