పాన్‌దాన్ అడుగున చీటీ

పోయిన వారం మంగళవారం ఉదయం ఆరు నలభైకి యాకూబ్ ఫోన్ చేసి, "టీచరమ్మా, అక్క పోయింది" అన్నాడు. ఏ అక్క అని అడిగాను. అతనికి ఉన్నది ఒక్క అక్కేనని ముప్ఫై ఏళ్ళుగా తెలిసి కూడా అడిగాను. జరిగినది వేళతో సహా రాసుకునే నా పుస్తకంలో ఆ రోజు పేజీకి తేదీ ఒక్కటే ఉంది. దాని కింద ఏమీ రాయలేకపోయాను.

అతని అక్క జహీరా నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది. వరుస ప్రకారం నా గురించి ఆమె నాలుగు మాటలు చెప్పాలి. ఆ వరుస తప్పింది.

సుబేదారిలో మా వీధి చివరి ఇల్లు ఆమెది. కొత్త ఇళ్ళను పాత వస్తువులతో అలంకరించడం ఆమె పని. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, అటకల మీద మగ్గుతున్న ఇత్తడి బిందెలు, గాజు దీపాలు, పింగాణీ జాడీలు, చెక్క పెట్టెలు తెచ్చేది. మడికొండ వైపు ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఆమెను పిలిపించుకునేవారు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూసి ఏ గోడకు ఏ దీపమో చెప్పేది. తరువాత నేను టేపుతో కొలిస్తే అంగుళం తేడా ఉండేది కాదు.

అడుగున చీటీ అంటించనిదే ఏ వస్తువూ ఆమె గడప దాటేది కాదు. ఎవరిది, ఏ ఊరు, దేనికి వాడారు, అంతే. ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. పదకొండేళ్ళపాటు ప్రతి గురువారం మధ్యాహ్నం ఇదే మా పని. మొత్తం నాలుగు వందల పన్నెండు చీటీలు. రుజువు లేని సంవత్సరం రాయనని నేను పట్టుబడితే, "మీరు పోలీసుల చేరాల్సింది టీచరమ్మా, ఉత్తగ బడిల పడ్డరు" అని నవ్వేది. ఒకసారి మాత్రం నవ్వకుండా అన్నది: "పాత వస్తువు తెచ్చి పెట్టుడు కాదిది. ఒక మనిషిని తెచ్చి ఇంట్ల కూసోబెట్టుడు."

మడికొండలో ఒక ఇల్లాలు జాడీని తిప్పి చూసి, "దీనికి గీత పడ్డది ఆంటీ, మంచిది లేదా?" అన్నది. "గీతనే నీకిచ్చిన బిడ్డా, జాడీ ఊకె వచ్చింది" అని జహీరా జవాబు. నెల తరువాత మళ్ళీ వెళ్ళి చూస్తే అందులో ప్లాస్టిక్ పూలున్నాయి. వాటిని తీసి సోఫా మీద పెట్టి, మరునాడు సేరు మామిడికాయ తొక్కు పట్టుకెళ్ళి జాడీలో పోసి వచ్చింది.

ఆమె ముందుగదిలో ఒక ఇత్తడి పాన్‌దాన్, తమలపాకులూ వక్కలూ పెట్టుకునే పెట్టె, ఉండేది. చీటీ లేని వస్తువు అదొక్కటే. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండిన వాళ్ళ నానీకి, అంటే అమ్మగారి తల్లికి, పెళ్ళిలో పెట్టినదని, ఎవరికీ ఇవ్వనని చెప్పేది. ఐదేళ్ళ కిందటి మాట. ఒక గురువారం కొత్త ఇంటి దంపతులు వచ్చి దాన్నే అడిగారు. ఆమె ఆ మాటే చెప్తోంది. నేను పాన్‌దాన్ తిరగేశాను. అడుగున చుక్కలతో కొట్టిన సంవత్సరం ఉంది. నానీ చనిపోయినప్పుడు వాళ్ళమ్మకు ఆరేళ్ళని జహీరాయే ఒకప్పుడు నాతో చెప్పింది. వాళ్ళమ్మ వయసు నాకు తెలుసు. లెక్క వేయడానికి నిమిషం పట్టలేదు.

"మీ నానీ పోయిన తొమ్మిదేళ్ళకు తయారైంది ఇది. ఆమె పెళ్ళికి ఎట్లా పెడతారు?" అని గట్టిగానే అడిగాను.

ఆ అబ్బాయి నవ్వి, "అంటే మిగిలినవన్నీ ఇట్లనేనా ఆంటీ?" అన్నాడు. కొనడానికి కాగితంలో కట్టించి పెట్టిన దీపాలు కూడా వదిలేసి వెళ్ళిపోయారు. జహీరా వాళ్ళవైపు చూడలేదు, నావైపు చూడలేదు. గబగబా లోపలి గదిలోకి వెళ్ళింది. అక్కడ మంచం మీద వాళ్ళమ్మ ఉంది, అప్పటికి తొంభై దాటాయి. తిరిగి వచ్చి, "పండుకున్నది. వినలే" అన్నది. ఆ మాట నాకెందుకు చెప్పిందో అర్థం కాలేదు. నా లెక్క సరైనదని మాత్రమే అనుకున్నాను. పై గురువారం ఎప్పటిలాగే ఒక బిందె పట్టుకుని వచ్చింది. రెండేళ్ళకు వాళ్ళమ్మ కన్నుమూసింది. ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు.

పోయిన శుక్రవారం యాకూబ్ ఒక మూట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే పాన్‌దాన్.

"మీకియ్యమన్నది. చీటీ మీరే రాయాల్నట. ఏం రాస్తరో మీ ఇష్టమన్నది."

"దీని సంవత్సరం..." అన్నాను.

"నానీది కాదు టీచరమ్మా. అమ్మ పెండ్లయిన కొత్తల ఇల్లు కాలింది. అసలుది అండ్లనే పోయింది. తల్లి గుర్తు అదొక్కటే ఉండె. అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదట. మా నాయిన వరంగల్ల పాత సామాన్ల దుకాణాలన్ని తిరిగి అసొంటిదే తెచ్చి, బూడిదల దొరికింది, తోమించుకొచ్చిన అన్నడట. అమ్మకు అంకెలు రావు. అక్క బడికి పోయి అంకెలు నేర్చి, అడుగున సదివి నాయిన్ని అడిగింది. నాయిన చేత్తోని అక్క నోరు మూసిండు. 'మీ అమ్మకు ఇది ఆమె తల్లి. జెప్పకు బిడ్డా' అన్నడట. ఆఖరికి దవాఖానల నాకు జెప్పింది."

ఏడేళ్ళ వయసులో చదివిన అంకెను జహీరా యాభై ఎనిమిదేళ్ళు దాచింది. నేను ఒక్క నిమిషంలో, తలుపు తీసి ఉన్న గదికి వినపడేలా, బయట పెట్టాను. తరువాత ఐదేళ్ళలో ఆమె నాకు తెచ్చిన గురువారాలు రెండు వందల యాభైకి పైనే. ఒక్క గురువారమైనా నన్ను తప్పుపట్టలేదు. క్షమించమని అడగవలసినది ఉన్నదని కూడా నాకు తెలియనివ్వలేదు. ఇప్పుడు తెలిసింది, అడగడానికి మనిషి లేదు.

నిన్న గురువారం. మధ్యాహ్నం మూడింటికి కలం తీసుకున్నాను. చెప్పేవాళ్ళు లేకుండా రాసిన మొదటి చీటీ అది. నాలుగు వందల పదమూడవది.

"జహీరా వాళ్ళ నానీది. స్టేషన్ ఘన్‌పూర్. పెళ్ళిలో పెట్టినది."

జిగురు రాసి, ఆ సంవత్సరం కనపడకుండా దాని మీదనే అంటించాను.