సారు నేర్పిన నడక

బస్సులో ఎక్కడైనా తడిబట్టలో చుట్టిన మల్లెపూల వాసన తగిలితే నాకు నాగభూషణం సారు గుర్తొస్తారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరులో ఒక హైస్కూల్లో ఆయన ఇంగ్లీషు చెప్పేవారు, పక్క గదిలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఆయన పెళ్లి చేసుకోలేదు. అయినా ప్రతి ఆదివారం మూరెడు పూలు, ఒక్కోసారి గాజులు కూడా కొని పులివెందుల బస్సెక్కేవారు. నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. నిప్పు లేనిదే పొగ రాదనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా హెడ్మాస్టరు చెవిన కూడా వేశాను.

ఆయన పాఠం మీదా నాకు అనుమానమే. పాత ఇంగ్లీషు భయం కథలంటే ఆయనకు ప్రాణం. ఒక కథలో, పాడుబడ్డ కోటలో ఎవడో శవాల ముక్కలు కుట్టి ఒక మనిషిని తయారుచేసి, తీరా ఆ మొహం చూసి జడుసుకుని పారిపోతాడు. దిక్కులేని ఆ ప్రాణి లోకం మీద పగబడుతుంది. "తప్పెవరిదప్పా?" అని సారు అడిగితే పిల్లలంతా "దయ్యానిదే సార్" అనేవారు. "దాన్ని చేసినోడు యాడికి పోయినాడు? అది ఒంటిగా ఎట్లుండిందో ఎవురూ అడగరే" అనేవారాయన. దయ్యం మీద ఈయనకింత జాలి ఎందుకని గోడకివతల నేను చెవులు రిక్కించేవాణ్ణి.

ఒక ఆదివారం వెంబడించాను. పులివెందులలో ఒక సందు చివరి ఇంట్లోకి వెళ్లారు. తలుపు పక్కనుంచి తొంగిచూస్తే, నడుందాకా జుట్టున్న వీపు కనబడింది. దొరికాడనుకున్నాను. ఇటు తిరిగితే నలభై దాటిన మగవాడు, గడ్డం నెరిసింది. సారు నన్ను చూసి కోప్పడలేదు.

"రా అప్పా. ఈయన ఓబులేసు. పదహైదేండ్లు నేను ఆడిచ్చిన నాటకాల్లో రాణి వేషాలు ఏసినాడు. ఆ నడక, ఆ గొంతు నేను నేర్పిచ్చిందే. ఆ జుట్టు నేను పెంచమనిందే. ఇప్పుడు ఆడోళ్లే ఆ వేషాలు ఏస్తాండారు. ఈయప్పను పిలిచేటోళ్లు లేరు, పిల్లనిచ్చినోళ్లూ లేరు."

"నడక మార్చుకోమంటారు అందరూ. యాడ మారుతాది?" అంటూ ఓబులేసు తలలో పూలు సర్దుకున్నాడు. "వారానికొక తూరి ఈ అయివారు వచ్చి పద్యం పాడమంటారు. ఆ పొద్దు బాగుంటాది."

నాకు తల కొట్టేసినట్టయింది. తిరుగు బస్సులో, హెడ్మాస్టరుకు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. సారు పూలు చుట్టి తెచ్చిన తడిబట్టను మడతపెట్టి సంచిలో పెట్టుకున్నారు.

"చెప్తే చెప్పినావులే. ఆయప్ప పేరు మాత్రం నీ నోట రాకూడదు. ఊరు నవ్వుతాది."

రానివ్వనని మాటిచ్చాను.

మరుసటి వారం మేష్టర్లందరి ముందు విచారణ జరిగింది. "పూలెవరికి?" అని హెడ్మాస్టరు అడిగారు. ఒక్క మాట చెబితే సారు బయటపడేవారు, చెప్పలేదు. అక్కడే కూర్చున్న నేనూ పెదవి విప్పలేదు. ఆయన ఉద్యోగం పోయింది. జమ్మలమడుగులో ట్యూషన్లు చెప్పుకుంటూ బతికారు గానీ పులివెందుల ప్రయాణం ఒక్క ఆదివారమూ మానలేదు.

తర్వాత నా చేతుల మీదుగా ఎందరో పిల్లలు పైకొచ్చారు. ఎవరికైనా ఆశ పెట్టే ముందు, వీడి వెంట ఎంతదాకా నడవగలనని ఒక్క క్షణం ఆగుతాను. సారు దగ్గర నేర్చుకున్నదే. ఆ రోజు నోరు మెదపనిది ఆయనకిచ్చిన మాట కోసమా, చాడీ చెప్పింది నేనేనని అందరికీ తెలుస్తుందన్న భయంతోనా? ఇన్నేళ్లుగా నన్ను నేనే అనుమానిస్తున్నాను.