పండుకున్న హెచ్చరికలు

1993 వేసవిలో నేను కరీంనగర్‌లోని ఒక ప్రెస్సులో సీనియర్ ప్రూఫ్ రీడర్‌ను. సీసపు అక్షరాలు ఉంచే చెక్క కేసులు మూలకు పడి, కంప్యూటర్ వచ్చి ఏడాదైంది. ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గు గని నుంచి కార్మికుల రక్షణ సూత్రాల పుస్తకం అచ్చుకు వచ్చింది. తెచ్చిన సేఫ్టీ ఆఫీసరుకు సోకు ఎక్కువ. పుస్తకం పేరుతో పాటు ప్రమాద హెచ్చరికలన్నీ ఇటాలిక్‌లో, అంటే కుడివైపు వాలిన అక్షరాల్లో ఉండాలన్నాడు.

ఆ వాలు అక్షరం మనది కాదు. ఐదు వందల ఏళ్ల కిందట ఇటలీలో పండితుల చేతిరాతను చూసి పోత పోశారు, చిన్న పుస్తకంలో ఎక్కువ మాటలు పట్టాలని. తర్వాత ఇంగ్లిషువాళ్లు పుస్తకాల పేర్లకు, పరభాషా పదాలకు, ఒక మాటను కాస్త నొక్కి చెప్పడానికి వాడుకున్నారు. అదీ ఒకటీ అరా మాటలకే. తెలుగు కేసుల్లో ఆ అక్షరమే ఉండేది కాదు. నొక్కి చెప్పాలంటే లావు అక్షరాలు వాడేవాళ్లం. కంప్యూటర్ చేసేదల్లా మన గుండ్రటి అక్షరాన్ని పక్కకు నెట్టడం. ఒత్తు పోయి పక్క అక్షరం కింద చేరుతుంది. ఈ సంగతి చెబితే ఆయన నవ్వాడు. “హైదరాబాద్‌ల అందరు గిట్లనే అచ్చేపిస్తున్నరు. మీరింక సీసం కాలంలనే ఉన్నరు” అన్నాడు. ఏం చెప్తాం, పెద్ద చదువులు చదివిన మనిషి.

అట్ట మీది ఫొటో కోసం పోశెట్టి అనే డ్రిల్లర్‌ను వెంట తెచ్చాడు. పేలుడు మందు పెట్టడానికి బొగ్గులో రంధ్రాలు వేయడం అతని పని. హెల్మెట్ తొడిగి ఫొటో తీశారు గానీ, అతని కోసం రాసిన పుస్తకాన్ని అతని చేతికివ్వాలని ఎవరికీ తోచలేదు. ప్రూఫు నేనిచ్చాను. నిలువు అక్షరాలు గడగడా చదివాడు. వాలు అక్షరాలు వచ్చినచోటల్లా ఆగకుండా కింది పేరాకు దాటిపోయాడు. అలా దాటిన వాటిలో ఒకటి: పేలకుండా మందు మిగిలిన రంధ్రంలో మళ్లీ డ్రిల్ వేయరాదు. వేస్తే మనిషి మిగలడు.

ఎందుకు వదిలేశావని అడిగాను.

“లగ్గం పత్రికల అడుగున బంధుమిత్రుల అభినందనలతో అని గిట్లనే పండవెడ్తరు గద సార్. గది ఎవలు సదువుతరు? గిది సుత గసొంటిదే అనుకున్న.”

ఆఫీసరు పక్కనే ఉండి విన్నాడు. “వానికేం తెలుసు, మీరు కానియ్యుండ్రి” అని ప్రింట్ ఆర్డర్ మీద సంతకం పెట్టి జీపెక్కాడు. నాకు ఒళ్లు మండింది. ప్రింట్ ఆర్డర్ అంటే ఆఖరి ప్రూఫుకు అంగీకారం. ఆ తర్వాత మేం చుక్క మార్చినా ఉద్యోగం ఊడుతుంది. అయినా హెచ్చరికలన్నీ నిలువుగా, లావుగా మార్పించాను. అట్ట మీది పేరును మాత్రం వాలుగానే ఉంచాను.

ప్రతులు తీసుకునే రోజు ఆఫీసరు పోశెట్టిని వెంటబెట్టుకుని వచ్చి, మా యజమాని ఎదురుగా కూర్చున్నాడు. ఒక ప్రతి అందుకుని అట్టను అటూ ఇటూ తిప్పి, “చూసిండ్రా, ఇటాలిక్ పెడితే ఎంత అందమొచ్చిందో” అన్నాడు. లోపలి పేజీ ఒక్కటీ తెరవలేదు.

పోశెట్టి జీపులోకి కట్టలు మోస్తూ ఒక పుస్తకం తెరిచి, డ్రిల్ గురించిన వాక్యం దగ్గర ఆగాడు. రెండుసార్లు చదువుకున్నాడు. “గిది మొన్న లేకుండె గద సార్” అన్నాడు.

సంతకం పెట్టేవాడు చదవడు. అక్షరం పేర్చేవాడు చదివేవాడి కన్ను చూసి పేర్చాలి. అంతకు మించి ఆ ఉద్యోగం నాకు నేర్పింది లేదు.