జిన్నారం దారిలో పిక్క పట్టేసిన రోజు

ఈ ప్రయాణం గురించి రాయాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తొంభైల్లో ఒక మే నెల. పటాన్‌చెరు దగ్గర ఇనుము కరిగించి పోతపోసే ఒక ఫౌండ్రీలో నేను సూపర్‌వైజర్ని. నా కింద పనిచేసే మల్లయ్య ఈ ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఫర్నేసు దగ్గర పిక్క పట్టుకుని కూలబడ్డాడు. "తిమ్మిరెక్కితే ఇంత నాటకమా? లేచి పని చెయ్యి, లేదంటే ఇంటికి పో" అని అందరి ముందూ అరిచాను. కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. చెప్పకుండా డ్యూటీ వదిలేశాడని మేనేజరుకు రాసిచ్చిందీ నేనే. మెమో మీద సంతకం తీసుకురమ్మని ఆయన నన్నే పంపాడు. పర్మనెంటు కాని మనిషి, సంతకం పడితే ఉద్యోగం పోయినట్టే.

ఎనిమిదిన్నరకు పటాన్‌చెరు బస్టాండులో జిన్నారం బస్సెక్కాను. టికెట్ అయిదు రూపాయలు. సీటు లేదు. "జెర అవుతలికి జరుగు సారూ, టమాటలు తొక్కుతున్నవ్" అని బుట్టలావిడ కసిరితే, గంటసేపు దాదాపు ఒంటికాలి మీద నిలబడ్డాను. పొద్దున టీ తప్ప కడుపులో ఏమీ లేదు. అటు వెళ్ళేవారు నీళ్ళసీసా మరచిపోకండి. జిన్నారంలో దిగాక మల్లయ్య ఊరికి మూడు కిలోమీటర్లు నడకే, దారంతా ఎండే.

పదిన్నరకు అతని ఇంటి ముందుకు చేరాను. గడప ఎక్కబోయేసరికి కుడి పిక్క పట్టేసింది. కండ ముడిపడి రాయిలా అయింది. "అమ్మా" అని కేక పెట్టి అరుగు మీద కూలబడ్డాను. అంత పెద్ద సూపర్‌వైజర్నీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. తిమ్మిరికీ దీనికీ పోలికే లేదని అప్పుడు తెలిసింది.

మల్లయ్య లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. నా చెప్పు విప్పి పాదం తన ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడు. కాలు లాక్కోబోయాను.

"సిగ్గుపడితే తగ్గది సార్. మోకాలు సక్కగ పెట్టుండ్రి."

కాలివేళ్ళను నావైపు మెల్లగా వంచి అలాగే పట్టుకున్నాడు. గుంజలేదు. రెండో చేత్తో పిక్క నిమిరాడు. కాసేపటికి ముడి సడలింది. అతని భార్య లక్ష్మి వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ వేసి, ఉప్పేసిన మజ్జిగ ఇచ్చింది.

"శెమట బాగ పోయి నీళ్ళు తాగకుంటే గిట్లనే పడ్తది సార్. ఒక్క కాలే ఉబ్బి ఎర్రగయితే మాత్రం పిసకొద్దు, దవాఖానకు పోవాలె" అన్నాడు మల్లయ్య.

భోజనం దాకా ఫర్నేసు వదిలి నీళ్ళకు కదలొద్దని ఆర్డరు వేసింది నేను. అతను ఆ మాట ఎత్తనైనా ఎత్తలేదు. జేబులోంచి మెమో తీయడానికి నాకు చేతులు రాలేదు. "ఎలా ఉన్నావో చూద్దామని వచ్చాను" అనేశాను. "మంచిది సార్, అన్నం తిని పోదురు" అన్నాడు. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టారు.

రెండుగంటల బస్సుకు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని జిన్నారం దాకా తెచ్చాడు. "మా సార్ కాలు పట్టేసింది, జెర కూసోనియ్యిండ్రి" అని బతిమాలి నాకు కిటికీ పక్కన సీటిప్పించి దిగాడు. ఇంజను స్టార్టయింది. ఇక ఉండబట్టలేకపోయాను.

"మల్లయ్యా, నిన్ను చూడటానికి రాలేదు. మెమో మీద సంతకానికి వచ్చాను. తప్పు నాదేనని రేపు రాసిస్తాను."

"నాకెరుకే సార్. మీరొస్తున్నరని నిన్ననే మనోళ్ళు చెప్పిండ్రు" అన్నాడు. "గట్లని కాలు పట్టేసినోణ్ణి గడపల ఇడిసిపెడ్తమా?"

బస్సు కదిలింది.

మర్నాడు రాసిచ్చాను. మల్లయ్య ఉద్యోగం నిలబడింది, ఫర్నేసు పక్కకు నీళ్ళకుండ వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం మాత్రం, అన్నీ తెలిసే నా పాదం ఒళ్ళో పెట్టుకున్నాడని తలుచుకుంటూ పటాన్‌చెరు దాకా తల దించుకునే కూర్చున్నాను. "ఇప్పుడెట్లుంది సార్ కాలు?" అని పక్కనున్నాయన అడిగితే, "మల్లయ్య తగ్గించాడు" అన్నాను.